ఏమండీ, ఫ్యాను ఆపండి

ప్లగిన్‌కు కాలం చెల్లింది, అప్‌డేట్ చేయండి అంటుంది ఈ కంప్యూటరు, ఇంగ్లీషులో, పైన పసుపుపచ్చ పట్టీ మీద, నల్లపలక కనపడాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి పెట్టి, ఆ డబ్బా మధ్యలో బొట్టంత గుర్తు పెట్టి. చేస్తానమ్మా, చేస్తాను, ఇందాకటి నుంచీ చేస్తూనే ఉన్నాను, నువ్వు చూపించిన చోటే నొక్కుతున్నాను, నొక్కితే ఇంకో పేజీకి పొమ్మంటావు, ఆ పేజీకి నెట్టు లేదంటావు, నెట్టు వైరు అటక మీది ఎలుకలు కొరికేసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. మనిషికైనా కాలం చెల్లిందని మొహం మీద చెప్పరు, నన్నయినా పెద్దాయన అంటారు, నాగభూషణరావుగారు మునుపటిలా లేరండీ అని పక్కకు తిరిగి అంటారు. దీనికి ఆ మర్యాద కూడా లేదు. మూడు దాటింది. లోపలి గదిలో మా ఆవిడ ఇందిరమ్మ పడుకుని ఉంది, నాలుగింటికి లేస్తుంది, లేచి మొహం కడుక్కుని, కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని ఈ గదిలోకి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటుంది, రోజూ అంతే, దసరా పండగ ముందు దాకా అంతే. మొన్న వచ్చి ఈ బూడిదరంగు డబ్బా వైపు చాలాసేపు చూసి వెళ్లిపోయింది. నిన్న అసలు రాలేదు. ఈ రోజు కూడా రాకపోతే ఇక రాదేమోనని నా భయం.

వేసవిలో పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కొంత దారికొచ్చాయి గానీ నోరు రాలేదు. ఈ ఇంట్లో నోరున్నది ఆమెకే, పెళ్లయినప్పటి నుంచీ నాది ఉత్త వినే ఉద్యోగం, తడి తువ్వాలు మంచం మీద పడేశాననీ, గిద్దలూరు పోయి మా అక్క ఇంట్లో మిరపకాయ బజ్జీలు తిని తినలేదని చెప్పాననీ, పొద్దున లేస్తే వినడమే. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఇల్లెంత చప్పుడు లేకుండా ఉందో చూసి, పోయింది ఆమె నోరు కాదు నా చెవులేమో అనుకున్నాను. రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టి మాటలు పలికించండి, మానకండి, మానితే వచ్చినవి కూడా వెనక్కి పోతాయి అని ఒంగోలు డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా కోడలు వాసవి ఫోనులో ఏవో పెట్టి చూపించింది, ఎగిరే కుందేళ్లు, కీచుగొంతులు. ఇందిరమ్మ ఫోను పక్కకు తోసి గోడవైపు తిరిగి పడుకుంది. అరవై దాటిన మనిషికి కుందేలు పాఠం చెబితే తోసేయక ఏం చేస్తుంది, నేనైనా తోసేస్తాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మన ఓనమాల సీడీ. కరోనా అప్పుడు మా అబ్బాయి వేణుగోపాల్ లాప్‌టాప్ కొనుక్కుని ఈ పాత కంప్యూటరును అటకెక్కించాడు, దాన్ని దించి దుమ్ము దులిపి పెట్టాం. ముసలిదానికి చాదస్తం, పెట్టినప్పుడల్లా నల్లటి తెర మీద ఏదో సణిగి, ఎఫ్ వన్ నొక్కితే గానీ కదిలేది కాదు. నొక్కాను. తెర మీద పలక వచ్చింది, చెక్క ఫ్రేముతో సహా, బలపం తనంతట తాను అ రాసింది, అ... అమ్మ, అని గొంతు వచ్చింది. ఇందిరమ్మ గొంతు. గోడవైపు తిరిగిన మనిషి ఇటు తిరిగింది. కొన్నాళ్లు ఉత్తగా వింది, తర్వాత పెదవులు కదిలాయి, తర్వాత ఒకరోజు, మ్మ, అంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, అందులో దాచేదేముంది.

పలకలంటే మార్కాపురం, మార్కాపురమంటే పలకలు, ఆ పేరు చెప్పుకునే మా నాయన పలకల ఫ్యాక్టరీ పెట్టి బతికాడు, నేనూ సగం దాకా బతికాను. ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకను కొట్టేసే రోజుల్లో నాకొక ఆలోచన వచ్చింది, షాంపూ కొంటే దువ్వెన ఇస్తున్నారు, పలకల పెట్టె కొన్న బడికి ఓనమాల సీడీ ఒకటి ఊరికే ఇస్తే పోలా అని. పెళ్లి కార్డులు వేసే రంగనాయకులు, నేను చేస్తానన్నా, నాకొచ్చు, అన్నాడు. వాడికెంత వచ్చో తర్వాత తెలిసింది. గొంతుకు హైదరాబాదు నుంచి ఎవరో యాంకరమ్మను పిలుద్దామన్నాడు. ఇంట్లో గంట మోగుతుంటే ఊళ్లో వెతకడమెందుకురా అన్నాను. ఇందిరమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు, గంటన్నందుకు, కానీ చదవమంటే చదివింది. ఈ గదే. మే నెల. కిటికీలకు బొంతలు కట్టాం, రోడ్డు మీది లారీల చప్పుడు రాకుండా, ఫ్యాను ఆపాం. మార్కాపురం మే నెలలో ఫ్యాను లేకుండా, బొంతలు కట్టిన గదిలో, ముగ్గురం. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది, ఎవరూ చూడరు, గొంతు ఒక్కటే వినపడుతుంది అంటే, చీర మంచిది కట్టుకుంటే గొంతు కూడా మంచిగా వస్తుందంది. క కమలం, ఖ ఖడ్గం, ఎంత నిమ్మళంగా చదివిందో, ఆ గొంతు నాతో ఒక్కరోజన్నా వాడిందా అనుకున్నాను. ఝ దగ్గర రంగనాయకులు ఝషం అని రాసి పెట్టాడు, అంటే ఏమిటిరా అంది, చేపమ్మా అన్నాడు, మా ఇంట్లో చేప మాట వినపడింది ఆ ఒక్క అక్షరం దగ్గరే. ఞ దగ్గర బొమ్మే లేదు. ఇక ట వచ్చేసరికి నా వల్ల కాలేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, మెల్లగా గోడవారగా జరిగి ఫ్యాను వేశాను, సన్నగా, ఒకటి మీద. ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండానే, ట... టమాట... ఏమండీ, ఫ్యాను ఆపండి, ఎన్నిసార్లు చెప్పాల?

అది కత్తిరించడం మరిచిపోయాడు రంగనాయకులు. పెట్టెలతో పాటు సీడీలు వెళ్లిపోయాయి, పామూరుకు, యర్రగొండపాలేనికి, ఎక్కడెక్కడికో. తర్లుపాడు నుంచి ఒక హెడ్మాస్టరు ఫోను చేసి, అయ్యా, మా ఒకటో తరగతి మొత్తం ట టమాట ఏమండీ ఫ్యాను ఆపండి అని చదువుతోంది, మా బడిలో ఫ్యానే లేదు, అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఇందిరమ్మకు చెబితే ఆమెకూ అంతే అయింది, రెండు రోజులు. తర్వాత యర్రగొండపాలెం బస్సులో మా ముందు సీట్లో ఒక పిల్ల వాళ్లమ్మ ఒడిలో కూర్చుని వేళ్లు మడుస్తూ అదే చదవడం మొదలుపెట్టింది, ఎన్నిసార్లు చెప్పాల అనే చోట కళ్లు కూడా ఉరిమింది. ఇందిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు ఊగిపోయాయి, కళ్లలో నీళ్లు కారాయి, బస్సు దిగేదాకా ఆపలేకపోయింది. అంత నవ్వు మళ్లీ చూడలేదు నేను. అందుకే కాచుకుని ఉన్నాను. ఈ సీడీ రోజూ అ నుంచే మొదలవుతుంది, ఒక అక్షరం మీద మౌసుతో దిద్దితే గానీ తర్వాతది రాదు, ఆమె ఎడమ చేత్తో దిద్దుతుంది, అలసిపోతుంది, రోజుకు కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ వచ్చింది. జబ్బు చేశాక ట దాకా ఒక్కసారి కూడా రాలేదు. పండగ ముందు రోజు జ దాకా వచ్చింది. జ... జడ, అని తన జడ చేత్తో పట్టుకుని చూపించింది కూడా. ఇక ఝషం, ఆ బొమ్మ లేని ఞ, ఆ తర్వాత ట. రేపో ఎల్లుండో వింటుంది, నవ్వుతుంది, నవ్వితే నోరు వదులవుతుంది, ఇదీ నా లెక్క. సరిగ్గా అక్కడ ఆగిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. నిన్న ఉదయం వాసవి కాఫీ తెస్తే, పండగ ముందు కాపీ అని స్పష్టంగా అడిగిన మనిషి, వేలు చూపించింది. ఉత్త వేలు.

ఫణికృష్ణకు ఫోను చేశాను ఇందాక, మా అక్క కొడుకు, గిద్దలూరులో సెల్‌ఫోన్లూ కంప్యూటర్లూ బాగు చేస్తాడు. పట్టీ మీద రాసింది చదివి వినిపించాను.

"అది ఫ్లాష్ మామయ్యా, సీడీలో బొమ్మల్ని ఆడించేది. దాన్ని చేసినోళ్లే ఆపేసినారు, ఎప్పుడో. యాడా నడవదు."

"యాడా నడవకపోతే మా ఇంట్లో ఎట్ల నడిచిందిరా మొన్నటిదాకా?"

"నడిచుండదు. నువ్వు ఇంకోటి చూసుంటావు."

"మీ అత్త గొంతు నాకు తెల్దా?"

వాడికీ అత్తంటే ప్రాణం, చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఇక్కడే, ఆమె తిట్లు తింటూ, ఆమె వేసిన దోసెలు తింటూ. "అట్ల కాదు మామయ్యా," అన్నాడు మెల్లగా, "దాంట్లోనే ఒక తారీఖు పెట్టి వదిలినారు, రెండువేల ఇరవై ఒకటి జనవరిది. ఆ తారీఖు దాటితే దానంతట అదే మూతబడతాది. శనివారం నేనొస్తా, వేరే దారి ఏమన్నా ఉందేమో చూస్తా. అంతదాకా అత్తను ఎట్లనో మాట్లాడించు."

శనివారం. ఎట్లనో మాట్లాడించు. నేను మాట్లాడిస్తే మాట్లాడేదైతే ఈ ముసలి డబ్బా ముందు నాకేం పని? నేను పక్కన కూర్చుని అమ్మ అను, ఆవు అను అంటే నా వైపు ఒక చూపు చూస్తుంది, నువ్వు నాకు చెప్పేంతవాడివయ్యావా అని, ఆ చూపుకు మాటలక్కర్లేదు. ఆమె ఎవరి మాటా వినదు, తన మాట తప్ప. తారీఖు దాటితే మూతబడతాది. మందు సీసా మీద వేస్తారు, బిస్కెట్ల మీద వేస్తారు, పలక మీద ఎవడైనా తారీఖు వేశాడా? మా నాయన కోయించిన పలక ఇంకా వంటింట్లో ఉంది, దాని మీద పాల లెక్క రాస్తుంది వాసవి, అది ఎప్పటిదో అడిగితే దానికే తెలీదు, తెలీదు గనకే పని చేస్తోంది. అయినా దాటిన తారీఖు ఎప్పుడో దాటితే, ఇది మొన్నే ఎందుకు ఆగాలి, పండగ మర్నాడే ఎందుకు ఆగాలి? పండగ రోజు ఏమైంది? ఆయుధ పూజ అయింది. రాతిని కోసే మిషను ముందు గుమ్మడికాయ కొట్టాం, అన్నిటికీ పసుపు రాశాం, బొట్లు పెట్టాం. మా ఫ్యాక్టరీలో ఇంకొక ఆచారం, మా నాయన పెట్టింది. ఏడాదంతా చాకిరీ చేసినదానికి పండక్కి కొత్త బట్ట పెట్టమా అని, ప్రతి మిషనుకూ ఏదో ఒకటి కొత్తది పెట్టాలి, కోత మిషనుకు బ్లేడు, మోటారుకు బెల్టు, లారీకి కనీసం ఒక అద్దం. పెట్టినది మళ్లీ పండగ దాకా తీయకూడదు, తీస్తే మిషను అలుగుతుందనేవాడు. ఈసారి వాసవి, మామయ్యా, అత్తకు పాఠం చెప్పేదానికి ఏమీ పెట్టరా, అని అడిగింది. ఎంత మంచి మాట అడిగిందో అనుకున్నాను. తనే ఏదో తెచ్చి, తనే స్క్రూలు విప్పి పెట్టింది.

"వాసవీ."

టీ గ్లాసుతోనే వచ్చింది, పిలుస్తానని తెలిసినట్టు.

"పండక్కి దీనికి ఏం పెట్టినావమ్మా?"

"సెల్లు మామయ్యా. రూపాయి బిళ్లంత ఉంటాదే, అది. లోపల గడియారానికంట. పాతది అయిపోయినాది, అందుకే పెట్టినప్పుడల్లా ఎఫ్ వన్ అడిగేది. ఇప్పుడు అడగడంలా చూడండి. తారీఖు కూడా నేనే సరి చేసినా."

"అంతకుముందు ఏ తారీఖు చూపించేది?"

"ఎప్పుడు పెట్టినా ఒకటే. రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. అదీ సంగతి. మా కంప్యూటరుకు ఇది ఏ సంవత్సరమో తెలీదు, పొద్దున లేస్తే దానికి రెండువేల తొమ్మిదే, సాయంత్రం పడుకుని మర్నాడు లేస్తే మళ్లీ రెండువేల తొమ్మిదే, అందుకని పాపం ఆ ప్లగిన్‌కు తను చచ్చిపోయిన కబురు అందలేదు. పండక్కి కొత్త బట్ట పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ కబురు మేమే మోసుకొచ్చి దాని చెవిలో వేశాం. చెబితే వాసవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనేనా మామయ్యా? నేనే చెడగొట్టినానా?" కళ్లలో నీళ్లు తిరిగాయి పిచ్చితల్లికి. "నువ్వు మీ అత్త మీద ప్రేమతో పెట్టినావు, చెడగొట్టడం ఏంది," అన్నాను. తీసేద్దామా మరి అంది. నాకూ చెయ్యి స్క్రూ దాకా పోయింది, కానీ పండక్కి పెట్టినది తీయడమా, మా నాయన ఫోటో ఎదురుగా గోడ మీదే ఉంది, ఆయన చూపు కూడా ఇందిరమ్మ చూపులాంటిదే. ఉండు, అన్నాను, గడియారానికి ఆకలి తీర్చాం, మంచిదే. ఏ రోజో చెప్పేది మనమే కదా.

మూలన గడియారం మీద నొక్కితే క్యాలెండరు తెరుచుకుంది, పక్కన ఎడమకు చిన్న బాణం. సంవత్సరం అంకెలు కొట్టొచ్చు మామయ్యా అంది వాసవి, వద్దు, నేను నెలనెలా పోతాను అన్నాను. నొక్కుతూ పోయాను. వేసవి వచ్చింది, జబ్బు చేసిన నెల, ఆగకుండా నొక్కాను, అటువైపుకు వెళ్లిపోయాం, ఇప్పుడు ఇందిరమ్మకు మాట ఉంది, ఇంకా ఏమీ కాలేదు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని వాసవిని సన్నగా అంటోంది. ఇంకా వెనక్కి. వేణుగోపాల్ పెళ్లి, పందిట్లో ఫోటో దిగడానికి నా పక్కన నిలబడి, పొట్ట లోపలికి పీల్చండి అని చెవిలో చెప్పింది. ఇంకా. కరోనా, వీధులన్నీ ఖాళీ, ఇద్దరం డాబా మీద కూర్చుని ఎవరింట్లో ఏం తాలింపో వాసన పట్టి పందెం వేసుకున్నాం, అన్నీ ఆమే గెలిచింది. ఇంకా. రాతి పలకలు ఆపేసి ఇంటి నేలకు పరిచే బండలు కోయడం మొదలుపెట్టిన నెల, ఆ సాయంత్రం నేను అన్నం తినకపోతే ఆమె కూడా తినలేదు, తిననని చెప్పలేదు, ఊరికే తినలేదు. నొక్కుతున్నాను, నొక్కుతున్నాను, వేలు నొప్పి పుట్టింది, వాసవి నవ్వుతోంది. ఒక మే నెల దగ్గర ఆపాను. బొంతలు కట్టిన మే నెల. తేదీ గుర్తులేదు, ఎండ గుర్తుంది, ఏదో ఒక తేదీ మీద నొక్కాను. ఫణి చెప్పిన ఆ చావు తారీఖుకు ఇక్కడి నుంచి పదేళ్లకు పైగా ఉంది. కొత్త సెల్లు కదా, మునుపటిలా పొద్దున లేచి మళ్లీ మొదటికి రాదు, ఈ రోజు నుంచి రోజుకొక రోజు చొప్పున బుద్ధిగా నడుస్తుంది. నడవనీ. పదేళ్లలో ఆమెకు ఱ దాకా వస్తుంది, నన్ను తిట్టడానికి కావలసినవన్నీ వస్తాయి. అప్పుడు మళ్లీ ఆగితే బాణం ఇక్కడే ఉంటుంది, వెనక్కి నొక్కుకుంటాం.

మూసి తెరిచాను. పసుపుపచ్చ పట్టీ రాలేదు. బూడిదరంగు డబ్బా పోయి పలక వచ్చింది, బలపం కదిలింది, అ... అమ్మ. సౌండు పెద్దది చేసింది వాసవి. అంత పెద్దగా ఎందుకమ్మా అనబోయి ఊరుకున్నాను, లోపల మంచం కిర్రుమంది. ఆ... ఆవు. గచ్చు మీద కాలు ఈడ్చే చప్పుడు, ఆగింది, మళ్లీ ఈడ్చింది. ఇ... ఇల్లు. మొహం కూడా కడుక్కోలేదు, నిద్రమొహంతో, గోడ పట్టుకుని గడపలో నిలబడింది ఇందిరమ్మ, తెర వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు అన్నట్టు. నేను కుర్చీలోంచి లేచాను. కూర్చుంది. మౌసు లాక్కుంది.

ఈ రోజు ఆగలేదు. దిద్దింది, పలికింది, సగం పలికింది, పలకలేనివి గొణిగింది, ఖడ్గం దగ్గర తడబడి మళ్లీ దిద్దింది, జడ దగ్గర జడ పట్టుకోలేదు, తీరిక లేనట్టు దాటేసింది. ఝషం వచ్చింది, మొహం చిట్లించింది. ఞ వచ్చింది, పోయింది. వాసవి నా చెయ్యి పట్టుకుంది. బలపం ట రాసింది, చుట్టి తోక వేసింది. ట... టమాట... ఏమండీ, ఫ్యాను ఆపండి, ఎన్నిసార్లు చెప్పాల?

నవ్వలేదు. కదలకుండా కూర్చుంది, చేతిలో మౌసుతో. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి, నా వైపు కాదు, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. అప్పుడు భుజాలు ఊగాయి. కొంగు నోటి దాకా పోలేదు, చెయ్యి సగంలోనే ఆగింది, కానీ నవ్వు ఆగలేదు, మూతి ఒక పక్కకు పోయిన నవ్వు, యర్రగొండపాలెం బస్సులో నవ్విన నవ్వే. ఎంత అందంగా ఉందో ఆ మూతి. ఫ్యా... ను... అంది. చెప్పావుగా, ఆపుతానులే అని నేను గోడ దగ్గరికి పోయి ఆపాను, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను. రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. గదిలో ఉక్క మొదలైంది. వాసవి పమిటతో విసురుకుంది. ఇందిరమ్మ ముక్కు మీద చెమట పట్టింది, మెడ తుడుచుకుంది, నేను నవ్వుతూ నిలబడే ఉన్నాను, ఆమె కనుబొమలు ముడిచి నన్ను చూసింది, పెదవులు ఒకటి రెండుసార్లు ఊరికే కదిలాయి.

"ఎయ్... యండి," అంది.

ఫ్యాను వెయ్యండి అనే మాట ఆ సీడీలో ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరిదాకా నాకు కంఠతా వచ్చు, ఎక్కడా లేదు. స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని, వినపడనట్టు, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

మళ్లీ అంది, ఈసారి కోపంగా.